ఈ కంచు మన దగ్గరిదే

‘సింగింగ్ బౌల్స్’ అనే లోహపు గిన్నెల నాదం వింటూ సేదతీరడం పట్నాల్లో ఇప్పుడు ఖరీదైన వ్యవహారం. ఒడిశాలో రాయగడ, కోరాపుట్‌లలోని మనవాళ్లు దానికోసం హిమాలయాల పేరుతో అమ్మే గిన్నెలకు డబ్బు పోయక్కర్లేదని నా గట్టి నమ్మకం. ఈ గిన్నెలకు పాశ్చాత్య దేశాల్లో పేరు తెచ్చింది 1972లో హెన్రీ వోల్ఫ్, నాన్సీ హెన్నింగ్స్ తెచ్చిన ‘టిబెటన్ బెల్స్’ ఆల్బమ్. అసలు సరుకేమో రాగి, తగరం కలిసిన కంచే. ఆ పనిలో ఆరితేరినవాళ్లు పక్కనే, శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఉన్నారు. మందమైన కంచు గిన్నెను అరచేతిలో నిలిపి, తోలు చుట్టిన కర్రతో అంచు వెంట నిదానంగా రుద్ది చూడండి. ముందు చెయ్యి అదురుతుంది, తర్వాతే చెవికి అందుతుంది. గిన్నె గుండ్రదనంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా, దాదాపు ఒకే శ్రుతిలో రెండు స్వరాలు కలిసి పలికి, నాదం ఉబికి తగ్గుతూ సాగుతుంది. ఊపిరి దానంతటదే నిదానించినట్టు అనిపిస్తుంది. రాయగడ మజ్జిగౌరమ్మ గుడి గంట విన్న చెవులకు ఇదేం కొత్త కాదు. ఇలాంటి నాదంతో ఆందోళన తగ్గుతున్నట్టు చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి, సంతోషం. అలాగని బీపీ మాత్రలు మానేయమనే గురువు ఎదురైతే, గిన్నె ఉంచుకుని గురువును పంపించేయండి.