వంటయింటి యలంకారము

వంటయిల్లు పనిచేయు చోటు. ఈ సామాన్యసత్యమును నేటి గృహస్థులు మఱచుచున్నారని మేము చెప్పక తప్పదు. పొయ్యిచెంత గూళ్లలో ప్లాస్టిక్ తీగలను, గాజుకుప్పెలను, కొయ్యబొమ్మలను కొలువు దీర్చుచున్నారు. పోపుపొగలోని నూనెజిడ్డు వానిపైఁ బేరుకొనును. ఆ జిడ్డునకు దుమ్మంటును. ఏటికొప్పాకబొమ్మల లక్కపూఁత వేఁడికి మెత్తఁబడును. కొండపల్లిబొమ్మను నీటఁ గడిగినచో రంగు చెడును. వీనిని తుడుచువారెవరు? అలంకారమును మెచ్చుకొను గృహయజమానుఁడు గుడ్డ పట్టఁడు. మూఁడుపూటల వండి యలసిన యిల్లాలిదే యా చాకిరియు.

అందము వలదా యని కొంద ఱాక్షేపింతురు. తప్పక వలయును, బొమ్మలకు ముందుగది యున్నది. 1926వ సంవత్సరమున జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు గృహములకై మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ యను గృహశిల్పి వంటగదిని కల్పించునపుడు, వండునామె వేయు నడుగులను దగ్గించుటయే ముఖ్యముగా నెంచి, సామగ్రి నంతయుఁ జేతి కందునట్లమర్చెను. ఆ గది యందము ఆ యమరికలోనే యున్నది.

కావున చదువరులారా! బొమ్మలకు వెచ్చించు రూకలతో ముందుగా నొక కిటికీ పెట్టింపుఁడు. పొగ పోవు త్రోవ చేయింపుఁడు. వంగక, నిచ్చెన యెక్కక యందు నెత్తున గూళ్లు కట్టింపుఁడు. పోపుఘాటునకు వండునామె దగ్గుచుండఁగా గోడలకు సొమ్ములు పెట్టు నింటిని మేము నాగరికగృహ మనఁజాలము.