గింజకు పేరు పెట్టేదెవరు?



ఈసారి కొంచెం తిండి గురించి, కొంచెం భాష గురించి మాట్లాడుకుందాం. రెండూ నోటికి సంబంధించినవే. రెండిట్ల మన వాడల నోటికి దొరికిన మర్యాద ఒక్క తీరుగనే ఉన్నది.

మనం తిన్న గింజలకు ఇప్పటిదాకా ఎన్ని పేర్లు మారినయో ఒకసారి లెక్క పెట్టండి. బడి పుస్తకంల 'తృణధాన్యాలు' అని చదువుకున్నం. తృణం అంటే గడ్డి. 'తృణప్రాయం', 'తృణీకరించడం' అనే మాటలు కూడా అందులకెల్లి వచ్చినయే. అంటే మా తిండిని తృణీకరించిన సంగతి దాని పేర్లనే ఉన్నది, వేరే సాక్ష్యం అక్కర లేదు. సర్కారు కాగితాల్ల అవి 'ముతక ధాన్యాలు'. 2013 ఆహార భద్రత చట్టం తీసి చూడండి. అప్పుడు అందుల కిలో బియ్యం 3 రూపాయలు, గోధుమలు 2, ముతక ధాన్యాలు 1 రూపాయి అని పెట్టిన్రు. ధర తక్కువైతే పేదోళ్లకు మేలే గదా అంటరు. మేలే. కానీ ఆ రూపాయి గింజను మా దిక్కు రేషన్ షాపుల నేనైతే ఎన్నడు చూడలే.

2018 ఏప్రిల్‌ల కేంద్రం గెజిట్ తీసి 'న్యూట్రి సిరియల్స్' అన్నది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నది. అదే ఏడు ఫిబ్రవరి 1 నాడు బడ్జెట్ చదువుకుంట ఆర్థిక మంత్రి వీటిని 'శ్రీ అన్న' అన్నరు. నడుమల కన్నడం దిక్కుకెల్లి 'సిరిధాన్యాలు' వచ్చి సూపర్ మార్కెట్ల ప్యాకెట్ల మీద కూసున్నది. గింజ మారలే. చేను మారలే. తినేటోళ్లు మారిన్రు. పై కులాల, పై తరగతుల పళ్లెంలకు చేరంగనే గడ్డికి 'శ్రీ' అంటుకున్నది. ఒక్క మాటల చెప్పాలంటే గింజకు ఉపనయనం అయ్యింది.

మా ఇంట్ల దానికి ఈ పేర్లేవీ లేవు. జొన్నలు జొన్నలే, సజ్జలు సజ్జలే. రాగులను మేము తైదలు అంటం. వండితే గట్క, అంబలి, రొట్టె. అన్నిటికీ కలిపి ఒకటే మాట, బువ్వ. ఈ 'బువ్వ' సంగతి కూడా చూడండి. పత్రికల భాషల బువ్వ అంటే చంటిపిల్లలకు పెట్టేది. మా దగ్గర డెబ్బయి ఏండ్ల మనిషి కూడా బువ్వనే తింటడు. పెద్దోళ్ల మాటను తీసుకపోయి పిల్లల మాట చేస్తే, ఆ మాట మాట్లాడే పెద్దోళ్లు కూడా పిల్లల లెక్కనే కనపడుతరు. 'తెల్వనోళ్లు, మనం చెప్పాలె' అనే చూపు అక్కడికెల్లే మొదలైతది.

'ముతక' అన్న మాట మీద కూడా ఒక్క నిమిషం ఆగుదాం. ముతక ధాన్యం, ముతక గుడ్డ, ముతక సామెత. మా అవ్వలు అలవోకగా వాడే సామెతలను పండితులు 'ముతక సామెతలు' అని వేరే మూటగట్టిన్రు. తిండి ముతక, బట్ట ముతక, మాట ముతక. ఒక్క విశేషణంతోని మొత్తం మనిషినే పక్కకు జరపొచ్చని తెలుగు సాహిత్యం చదువుకుంటె తెలుస్తది. శ్రీనాథునివని చెప్పుకునే చాటువుల్ల పల్నాటి జొన్నకూడు మీద ఎంత వెటకారమో మీరు క్లాసులల్ల వినే ఉంటరు. విషం తాగి అరిగించుకున్న కృష్ణున్ని పట్టుకొని, దమ్ముంటే ఈ జొన్నకూడు ఒక్క ముద్ద మింగు చూద్దాం అంటడు కవి. క్లాసంత నవ్వుతది. నవ్వే పిల్లలల్ల సగం మంది ఇండ్లల్ల పొద్దున అదే తిని వస్తరు. నేను ఆ పద్యం మానేయను, చెప్త. చెప్పినంక అడుగుత: ఆ ముద్దను రోజూ మింగినోళ్ల పద్యం ఎక్కడున్నది?

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. 'మన తాతల తిండికి వాపసు పోదాం' అని ఇప్పుడు యూట్యూబ్ నిండా ఉపన్యాసాలు. ఎవరి తాతలు? మా తాతలకు అంబలి ఆరోగ్య సూత్రం కాదు. జీతమున్న ఇంటి ముంగట ఒంగి, దోసిలి పడితే పైకెల్లి పోసినది. వరి బువ్వ పండుగకే. 1983ల ఎన్టీఆర్ సర్కారు 2 రూపాయలకు కిలో బియ్యం ఇస్తే, మా అవ్వ తరానికి అది కడుపు నిండుడే కాదు, తెల్ల బువ్వ తినే మనుషుల్ల లెక్కకు వచ్చుడు. మా నాయినకు షుగర్ వచ్చినంక డాక్టరు కొర్రలు తినమన్నడు. సన్నబియ్యానికి రెండింతల ధర పెట్టి ప్యాకెట్ తెచ్చి ముంగట పెడితే, మా నాయిన చూసి ఒక్కటే మాట అన్నడు: "ఇవి తినే బాధ తప్పాలనే గద బిడ్డా నిన్ను సదివించింది." నా పీహెచ్‌డీల అసొంటి వాక్యం ఒక్కటి లేదు.

అందుకే 2025 ఉగాది నాడు తెలంగాణల రేషన్‌కు సన్నబియ్యం మొదలుపెడితే నాకు సంతోషమే అనిపించింది. బియ్యంల కూడా దొడ్డు, సన్నం అని కులాలున్నయి. దొడ్డువి మనకు, సన్నవి వాళ్లకు అన్నది ఇన్నేండ్ల పంపకం. పేదోళ్లు సన్నబియ్యం తింటె రోగాలొస్తయని సలహాలిచ్చేటోళ్లు ముందు వాళ్ల ఇంటి కుండ చూసుకోవాలె.

మరి జొన్న సంగతేంది? దాన్ని ఇడిచిపెడుదామా? దీనికి జవాబు నాకు పుస్తకాల్ల దొరకలే, మా జహీరాబాద్ చేన్లల్ల దొరికింది. పస్తాపూర్ కేంద్రంగ 1983ల మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీల మహిళా సంఘాలున్నయి. ఆ సంఘాల్ల ఎక్కువ మంది దళిత ఆడోళ్లు. పడావు పడ్డ ఎర్రనేలలను సాగుల పెట్టిన్రు, ఇత్తనాలు ఇండ్లల్ల దాసిన్రు, ఒక్క చేన్ల పది పదిహేను రకాలు కలిపి ఏసిన్రు. 1990లల్ల, బియ్యం రేషన్ నడుస్తున్న కాలంలనే, ఊర్లె పండిన జొన్నను ఊర్లెనే కూడబెట్టి, పేదింట్లను తామే గుర్తువట్టి, ఊర్లెనే పంచే ఏర్పాటు చేసుకున్నరు. 2019ల ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఇక్కడ తేడా గమనించండి. జీతంల తాగిన అంబలి వేరు, సొంత చేన్ల పండించుకొని తిన్న రొట్టె వేరు. గింజ ఒక్కటే. ఒకటి గతిలేక తిన్నది, ఇంకోటి తామే తేల్చుకొని తిన్నది. నడుమల ఉన్నది భూమి.

భాష విషయంల కూడా వాళ్లదే ముందడుగు. ఝరాసంగం మండలం మాచునూరుల 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995ల తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు జడ్జిలల్ల ఒకరైన జస్టిస్ పి.బి. సావంతే వచ్చి దాన్ని ప్రారంభించిన్రు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అసొంటి దళిత ఆడోళ్లు నడిపిన రేడియో అది. 'యాస' అని ఎవరూ ఎక్కిరించే వీలు లేకుంట, తైదలను తైదలనే, గునుగుకూరను గునుగుకూరనే అనుకుంట మాట్లాడిన్రు.

అప్పటికి మన భాష సినిమాల్ల జోకరుదో, రౌడీదో. ఇప్పుడు కాలం మారింది. 2017ల 'ఫిదా', 2023ల 'బలగం' వచ్చినంక తెలంగాణ మాట హీరోయిన్ నోట్ల, ఇంటి పెద్ద నోట్ల కూసున్నది. మంచిదే, నేను కూడా చూసిన, ఏడ్చిన. 2014 నుంచి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతున్నం, అది కూడా మంచిదే. కానీ తెరమీదికెక్కిన భాష ఏ ఇంటిది? ఊరిదా, వాడదా? 'శ్రీ అన్న' లెక్కనే 'తెలంగాణ భాష' కూడా శుభ్రం చేసి ప్యాకెట్ కట్టిన సరుకు అయితే, మా అవ్వ నోట్ల ఉన్నది మల్ల ముతకగనే మిగుల్తది.

పేరు చిన్న సంగతి కాదని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. 1917ల బెజవాడల భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించిన సభల 'పంచములం కాదు, ఆది ఆంధ్రులం' అన్నరు. గాంధీ 'హరిజన' అంటే అంబేద్కర్ ఒప్పుకోలే. దయతోని ఇచ్చిన పేరు ఎంత తియ్యగున్నా అది ఇచ్చేటోని పేరే. మనం పెట్టుకున్న పేరు వెనుక మన హక్కు ఉంటది. 'హరిజన'కూ 'దళిత'కూ ఉన్న తేడానే 'శ్రీ అన్న'కూ 'తైదల'కూ ఉన్నది.

ఇప్పుడు అసలు సంగతికొస్త. గింజకు కిరీటం పెడుతున్న రోజుల్లనే, న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్ల నిమ్జ్ కోసం 12 వేల ఎకరాలకు పైగా భూమి లెక్కల ఉన్నది. 2024 ఆగస్టుల జహీరాబాద్‌ను పారిశ్రామిక స్మార్ట్ సిటీల జాబితాల చేర్చిన్రు. పరిశ్రమలు వద్దని నేను అనను. మన పిల్లలు ఎండల కూలికే పోవాలని ఎవరు కోరుకుంటరు? కానీ అసైన్డ్ భూమి అంటే మనోళ్లకు ఎన్నో కొట్లాటల తర్వాత దొరికిన ఎకరమో, రెండెకరాలో. పట్టా భూమికి ఇచ్చే లెక్క దానికెందుకు ఇయ్యరు? భూమి పోయినోళ్ల బిడ్డకు ఆ ఫ్యాక్టరీల గేటు కాడి కొలువేనా, లోపటి కొలువు ఉంటదా? చేను పోయినంక 'శ్రీ అన్న' బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కోని తినాల్నా?

విద్యార్థి మిత్రులకు రెండు పనులు చెప్త. ఒకటి, మీ అవ్వను కూసోబెట్టి, ఆమెకు తెలిసిన గింజల పేర్లు, కూరల పేర్లు, సామెతలు ఆమె నోటితోనే ఫోన్ల రికార్డు చేయండి. 'ముతక' అని ఒక్కటి కూడా తీసెయ్యకండి. రెండు, ఆ గింజ పండిన చేను ఇప్పుడు ఎవరి పేరు మీద ఉన్నదో అడగండి. ఉన్నదంటే కాగితాలు చూడండి. పోయిందంటే ఎట్ల పోయిందో, ఎంతకు పోయిందో రాసి పెట్టండి. మొదటిది మాత్రమే చేస్తే అది మ్యూజియం అయితది. రెండూ చేస్తే ఉద్యమం అయితది.

జై భీం.