‘40 బస్తాలు, అంటే 30 క్వింటాళ్లు. సరేనా?’

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత ప్రజలకు విజ్ఞప్తి

కృష్ణా పశ్చిమ డెల్టాలో ధాన్యం లెక్క బస్తాల్లో నడుస్తుంది. బస్తా అంటే 75 కిలోలు. మద్దతు ధర మాత్రం క్వింటాలుకు కడతారు. ఫోన్ తెర మీద ‘పరిమాణం’ అన్న గడిలో రైతు 40 అని నొక్కితే అవి బస్తాలా, క్వింటాళ్లా? తేడా 10 క్వింటాళ్లు. 2024-25లో సాధారణ రకానికి ఇచ్చిన 2,300 చొప్పున 23,000 రూపాయలు. శీర్షికలో ఉన్న ప్రశ్న ఒక్కటి తెర మీద కనిపిస్తే పొరపాటు అక్కడికక్కడే దొరుకుతుంది.

2024 ఖరీఫ్‌లో వాట్సాప్‌లో ‘హాయ్’ అని పంపి ధాన్యం అమ్మకానికి స్లాట్ తీసుకునే వీలు వచ్చింది. 2025 జనవరి 30న వాట్సాప్‌లోనే 161 ప్రభుత్వ సేవలతో ‘మన మిత్ర’ మొదలైంది. కాళ్లరిగేలా తిరిగే పని తగ్గించే మంచి ఏర్పాట్లివి. అందుకే వీటిని అందరికీ అందేలా తీర్చిదిద్దుకోవాలి.

తండ్రి చేతిలో బటన్ ఫోన్, కూతురి చేతిలో స్మార్ట్‌ఫోన్, ఊరి ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్. ఒకే దరఖాస్తు గురించి మూడూ ఒకే మాట చెప్పాలి.

అది తేలిక కాదు. ఇంగ్లిషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగులో 70కే నిండిపోతుంది. గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కకొస్తాయి. వాట్సాప్ సందేశం కింద జవాబు బటన్లు మూడే పడతాయి. కంప్యూటర్ కోసం రాసిన పేరాను అక్కడ కుక్కలేం. తెలుగులో సరిచూడకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది: ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం వస్తే ఐఫోన్‌లో యాప్‌లు మూతపడ్డాయి. ఆపిల్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది.

బటన్ ఫోన్‌ను వదిలేయనక్కర్లేదు. 2022 మార్చి 8న వచ్చిన యూపీఐ 123పే, ఇంటర్నెట్ లేని ఫోన్‌తోనూ డబ్బు పంపే దారి చూపింది.

కోరేవి నాలుగు:

1. బస్తా, ఎకరం, సెంటు వంటి వాడుక లెక్కల్లోనే అడగాలి. సర్కారు లెక్క పక్కన చూపాలి.
2. సిగ్నల్ పోతే నింపినంతవరకు నిలవాలి. మరో ఫోన్‌లోనైనా అక్కడినుంచే సాగాలి.
3. తప్పు వస్తే ఏ గడిలో, ఎలా దిద్దాలో తెలుగులో చెప్పాలి.
4. విడుదలకు ముందు ఈ మూడు ఊళ్ల రైతులు, చేపల వ్యాపారులు, పెద్దవాళ్ల చేత వాళ్ల ఫోన్లలోనే వాడించి చూడాలి.

దరఖాస్తు మధ్యలో ఆగిపోతే ఆ తెరను ఫొటో తీసి, తేదీ రాసి, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ నాలుగు కోరికలతో అర్జీ ఇవ్వండి. తెనాలి వారు గుంటూరు జిల్లాలో, బాపట్ల, రేపల్లె వారు బాపట్ల జిల్లాలో.