నొప్పి ఎన్నింటికి? సూది ఎన్నింటికి?

పొందూరు మండల ప్రజలకు మనవి.

మా వీధిలో నూలు వడికే ఒకావిడ, రాట్నం ముందు కూచున్నదల్లా రెక్క పీకుతోందంది. ఒళ్లంతా చెమట. గేసనుకున్నారు. వాము నమిలించారు, సోడా పట్టించారు, ఆర్‌ఎంపీ వచ్చి గేసు మాత్రిచ్చాడు. పొద్దున ఏడింటికి మొదలైన నొప్పికి పట్నంలో ఓ ఆసుపత్రిలో ఈసీజీ తీసేసరికి 11.20. ఆ కాగితం అంచున టైము అచ్చుపడే ఉంది. గడ్డ కరిగించే సూది మాత్రం వెయ్యలేదు, విశాఖ తీసుకుపొమ్మన్నారు. దారిలోనే పోయింది.

కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకే ఊరు మనది. చిలప తూచి, కౌంటు చూసి, పుస్తకంలో రాసుకున్నాకే కూలి లెక్క. గుండె ఆగిపోతున్న నిమిషాలు మాత్రం ఏ పుస్తకంలోనూ ఎక్కవు. మా తగువల్లా ఇక్కడే.

గుండెపోటుకి మందు లేదా అంటే ఉంది. 2023 సెప్టెంబరులో మన రాష్ట్రంలో స్టెమీ పథకం మొదలైంది. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి పంపితే విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు చూసి చెబుతారు. రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ సూది ఇక్కడే వేసి, తర్వాత యాంజియోగ్రామ్‌కి పంపుతారు. బయట దాదాపు 40 వేలయ్యే సూది ఇందులో ఉచితం. తమిళనాడులో ఇలాంటి ఏర్పాటు పెట్టాక, ఏడాదిలోపు చావులు 17.6 శాతం నుంచి 14.2కి దిగాయని 2017లో లెక్క తేలింది.

అయితే ఆ సూదికి గడియారమే ప్రాణం. రోగి గుమ్మం తొక్కిన పది నిమిషాల్లో ఈసీజీ, గుండెపోటని తేలితే, వచ్చిన అరగంటలోపు సూది పడాలి.

కరోనా మనకో పాడు అలవాటు నేర్పింది. 2020 లాక్‌డౌన్‌లో దేశంలో గుండెపోటుతో ఆసుపత్రుల్లో చేరినవాళ్లు మూడో వంతుకు పైగా తగ్గారు. పోట్లు తగ్గాయా? జనం భయపడి ఇళ్లలో ఉండిపోయారు. ఆ జంకు ఇంకా వదల్లేదు. టీకా వల్లే గుండెలాగిపోతున్నాయని రచ్చబండ మీద ఇప్పటికీ వినిపిస్తుంది; 18–45 ఏళ్లవాళ్ల హఠాన్మరణాలను పరిశీలించిన ఐసీఎంఆర్, టీకాతో ఆ ముప్పు పెరగలేదని 2023లోనే చెప్పింది.

మేం అడిగేది ఇది. మన సర్కారు ఆసుపత్రిలో రాత్రి రెండింటికి వెళ్లినా ఈసీజీ తీసే మనిషుండాలి, సూది ఫ్రిజ్‌లో ఉండాలి. గుమ్మం పక్కన బోర్డు పెట్టి, పేర్లు లేకుండా, ఆ నెలలో ఎవరు ఎన్నింటికొచ్చారో, ఈసీజీ ఎన్నింటికో, సూది ఎన్నింటికో రాయాలి. ఉత్త బోర్డుతోనే ప్రాణాలు నిలవవని మాకూ తెలుసు. కేరళలో 63 ఆసుపత్రుల్లో చెక్‌లిస్టులు, లెక్కలు పెట్టి చూస్తే పెద్ద తేడా రాలేదని 2018లో తేలింది. అందుకే బోర్డుతోపాటు మనిషినీ మందునీ అడుగుతున్నాం.

మన వంతూ ఉంది. ఛాతీ బరువు, దవడ లాగడం, చల్లచెమట, ఆయాసం వస్తే 108కి ఫోను చెయ్యండి. సుగరున్నవాళ్లకీ, ఆడవాళ్లకీ ఒక్కోసారి నొప్పే తెలీదు. ‘తెల్లారాక చూద్దాం’ అనొద్దు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల రోజు. అందరం శ్రీకాకుళం పోదాం. ఇంట్లో పాత ఈసీజీ కాగితముంటే పేరు కప్పి జిరాక్సు తీసి తెండి. అంచున టైము మాత్రం కనబడాలి.

— పొందూరు పౌరులు కొందరు