బీమా క్లెయిమ్‌ తిరస్కరించారా? రుజువు చూపాల్సింది కంపెనీయే

‘పాలసీదారు నిజం దాచారు’.. క్లెయిమ్‌ తిరస్కరించేటప్పుడు బీమా కంపెనీలు తరచూ చెప్పే మాట ఇదే. ఉత్త ఆరోపణ చాలదని, రుజువు చూపాల్సింది కంపెనీయేనని సుప్రీంకోర్టు తేల్చేసింది. ఫ్యూచర్‌ జెనరాలిపై ఓ తెలుగు నామినీ వేసిన కేసులో 2024 ఏప్రిల్‌ 10న ఈ తీర్పిచ్చింది. ఇతర పాలసీల సంగతి చెప్పలేదంటూ ఆపిన సొమ్మును వడ్డీతో సహా కట్టాలని ఆదేశించింది.

మరి ధరణికోట రైతుకు దీంతో పనేంటి? కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా అంత దూరం పోనక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం సొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు మాత్రం రెండేళ్లే. అందుకే తిరస్కరణ లేఖ భద్రంగా దాచుకోవాలి. ఇంకో మాట.. ప్రపోజల్‌ ఫారం ఏజెంటు నింపినా సంతకం మనదే. చదివాకే పెట్టాలి.