బ్యాగులో ఏముందని కాదు, చేతికి ఏమందుతుందని!

సాయంత్రం షిఫ్టు వదిలే వేళ గుండ్లపోచంపల్లి అపెరల్ పార్కు వైపు వెళ్తే, ప్రతి అమ్మాయి భుజానికీ ఓ బ్యాగు కనిపిస్తుంది. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, సెల్‌ఫోను, ఇంటి తాళంచెవి, ఆధార్ కార్డు, నాలుగు నోట్లు... రోజంతటి సంసారం అందులోనే! కొందరు ఆటో ఎక్కుతారు, కొందరు బస్సు కోసం నిలబడతారు, కొందరు రైల్వే స్టేషన్ దారి పడతారు. చలికాలంలోనైతే ఇల్లు చేరకముందే చీకటి పడుతుంది. అందుకే కూతురికో కోడలికో బ్యాగు కొనేటప్పుడు రంగు, ధర ఒక్కటే చూస్తే చాలదు. ఆపదలో అది అక్కరకొస్తుందా అన్నదీ చూడాలి.

రహస్యపు అర మనకు కొత్తేం కాదు. అమ్మమ్మలు డబ్బులు కొంగున ముడేసుకునేవారు, రొంటిన దోపుకునేవారు. చీకట్లోనైనా, నిద్రలోనైనా చెయ్యి సూటిగా అక్కడికే వెళ్లేది. దాచిన చోటు ఎదుటివాడికి తెలియకూడదు, మన చేతికి మాత్రం తెలియాలి. సూత్రం అంతే!

అమెరికాలో ఈ దాపరికం తుపాకి దాకా వెళ్లింది. పిస్తోలు పెట్టుకోవడానికి పక్కన ప్రత్యేకమైన అర, కత్తితో కోసినా తెగకుండా లోపల తీగ ఉన్న పట్టీలతో అక్కడ ఆడవాళ్ల బ్యాగులు అమ్ముతారు. మన పిల్లలు ఎందరో అక్కడ కాపురాలు చేస్తున్నారు కాబట్టి ఈ సంగతి తెలుసుకోవాల్సిందే. 2014 డిసెంబరు 30న ఐడహో రాష్ట్రంలోని హేడెన్ పట్టణంలో ఒక తల్లి పిల్లలతో కలిసి సూపర్‌మార్కెట్‌కు వెళ్లింది. వయసు 29 ఏళ్లు. తుపాకికి లైసెన్సు ఉంది, వాడటమూ బాగా తెలుసు. అలాంటి అర ఉన్న బ్యాగును భర్తే క్రిస్మస్ కానుకగా ఇచ్చాడు. సరుకుల బండిలో కూర్చున్న రెండేళ్ల కొడుకు పక్కనే ఉన్న ఆ బ్యాగు జిప్పు తీశాడు. తుపాకి పేలింది. తల్లి అక్కడికక్కడే చనిపోయింది. దొంగ రాలేదు, దుండగుడు రాలేదు. రక్షణ కోసం కొన్నదే ప్రాణం తీసింది!

మన దేశంలోనూ అలాంటి ఆలోచన ఒకటి వచ్చింది. 2012 నాటి ఢిల్లీ ఘోరం తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే రివాల్వర్‌ను ఆడవాళ్ల కోసమంటూ తెచ్చింది. బరువు అరకిలో, ధర 1.22 లక్షలు. నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి మరీ ఇచ్చారు! అయితే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి దగ్గర ఉంచుకోవడం నేరం. బట్టలు కుట్టి బతికే అమ్మాయికి ఆ ధరా అందదు, లైసెన్సూ అంత సులువుగా రాదు. పైగా బ్యాగు లాక్కుపోతే ఆయుధమూ దాంతోపాటే పోతుంది.

ఇక మిగిలింది పెప్పర్ స్ప్రే. దీనికి లైసెన్సు అక్కర్లేదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై జరిగిన దారుణం తర్వాత హైదరాబాద్ మెట్రో రైళ్లలో ఆడవాళ్లు దీన్ని తీసుకెళ్లడానికి అనుమతించారు. విమానంలో మాత్రం చేతిసంచిలో పెట్టుకోనివ్వరు. కొన్నాక డబ్బా మీద గడువు తేదీ చూడండి. ఆరుబయట ఒకసారి గాలివాలు చూసుకుని నొక్కి అలవాటు చేసుకోండి. గాలికి ఎదురుగా కొడితే మన కళ్లే మండుతాయి. ఇంటికి రాగానే పిల్లలకు అందని చోట పెట్టండి. హేడెన్ తల్లి కథ దీనికీ వర్తిస్తుంది.

మరి బ్యాగు ఎలాంటిది కొనాలి?

ముందు పట్టీ కుట్టిన చోటు చూడండి. అపెరల్ పార్కులో మిషన్ తొక్కే వాళ్లకు చెప్పక్కర్లేదు, నాలుగు వైపులా గడి కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా కుడితే గట్టిగా పట్టుకుంటుంది. ఒక్క వరస కుట్టయితే ఒక్క గుంజుకే ఊడుతుంది.

స్ప్రేకి బయటివైపు విడిగా ఒక అర ఉండాలి. అందులో ఇంకేమీ పెట్టొద్దు. దువ్వెన, చిల్లర, బిళ్లల మధ్య పడితే అవసరానికి దొరకదు.

ఆధార్ కార్డుకు వేరే చిన్న అర కావాలి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆర్టీసీ బస్సులో జీరో టికెట్టుకు గుర్తింపు కార్డు చూపాల్సి వస్తోంది. కార్డు కోసం కిక్కిరిసిన బస్సులో పెద్ద జిప్పు తీస్తే, లోపలున్నదంతా పక్కవాళ్లకు చూపించినట్టే!

డబ్బుకు మాత్రం ఒంటికి ఆనుకునే వైపు అర మంచిది. లోపలి లైనింగు లేత రంగుదైతే మసక వెలుతురులోనూ వస్తువు కనబడుతుంది.

పట్టీని మెడ మీదుగా అడ్డంగా వేసుకుంటే జేబుదొంగలకు చిక్కదు. కానీ బైకు మీద వచ్చినవాడు గుంజితే మనిషే కిందపడే ప్రమాదముంది. అందుకని రోడ్డు పక్కన నడిచేటప్పుడు ఒక భుజానికే, బండ్లు రాని వైపు తగిలించుకోండి. అప్పటికీ లాగితే వదిలేయండి. బ్యాగు మళ్లీ కొనుక్కోవచ్చు. అలా వదిలేసే ధైర్యం ఉండాలంటే అన్నీ అందులోనే ఉండకూడదు. సెల్‌ఫోను, ఇంటి తాళంచెవి, ఆటోకు సరిపడా డబ్బు డ్రెస్ జేబులోనో నడుముకు కట్టుకున్న చిన్న పర్సులోనో ఉండాలి. బ్యాగు పోయినా 112కు ఫోన్ చేయగలగాలి, ఇల్లు చేరగలగాలి.

ఈ ఆదివారం బజారుకెళితే కొట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టండి. స్ప్రే అంతటి వస్తువేదైనా బయటి అరలో వేసి, అమ్మాయిని కళ్లు మూసుకోమని చెప్పి ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. మూడు అనేలోపు వస్తువు చేతికి వస్తే ఆ బ్యాగు కొనండి. రాకపోతే, ఎంత అందంగా ఉన్నా షెల్ఫులోనే ఉంచేయండి!