గేటు బయటి మర్ఫా

ముస్లిం అనగానే మీకెవరు గుర్తొస్తారు? నవాబు గుర్తొస్తాడు. షేర్వానీ, అత్తరు, గజల్, బిర్యానీ గుర్తొస్తాయి. లేదంటే గడ్డం, టోపీ, పోలీసు కేసు గుర్తొస్తాయి. పెళ్లి ఊరేగింపు ముందు భుజానికి మర్ఫా తగిలించుకుని చెమటోడ్చి వాయించే మనిషి మాత్రం గుర్తురాడు. అతని దరువుకు మీరెన్నిసార్లో చిందేసి ఉంటారు. అతని మొహం ఒక్కసారీ చూసి ఉండరు.

మేం ఆ మనిషి గురించే మాట్లాడదలిచాం. అతను కూడా మేమే కాబట్టి. అతన్ని గేటు బయట నిలబెట్టి ముస్లిం అస్తిత్వం గురించి ఎవరు ఎంత మాట్లాడినా అది సగం మాటే.

మర్ఫా హైదరాబాదుకు దర్బారు వినోదంగా రాలేదు. జీతానికొచ్చిన సిపాయిల వెంట వచ్చింది. యెమెన్ దేశపు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం ఫౌజులో చేరారు. వాళ్ల బ్యారక్స్ ఉన్న చోటే ఇవాళ్టి బార్కస్. ఆఫ్రికా మూలాలున్న హబ్షీలు, సిద్దీలు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లో గుర్రాలెక్కారు. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది చూడండి, ఆ పేరు వాళ్లదే. ఏసీ అంటే చల్లగాలి మిషను కాదు, ఆఫ్రికన్ కావల్రీ. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. రాజ్యం పోయింది, ఫౌజు పోయింది. నిజాంకు రాజభరణం దొరికింది. సిపాయికేం దొరికింది? గుర్రం పోయింది, జీతం పోయింది. మర్ఫా మిగిలింది. గడీలు పోగొట్టుకున్నవాళ్ల దుఃఖం మీద ఉర్దూలో ఎన్ని పేజీలైనా దొరుకుతాయి. జీతం పోయి దరువు మిగిలినవాడి మీద ఎన్ని దొరుకుతాయి?

ఆ దరువు పేరు మీకు తెలుసు. తీన్‌మార్. ఇవాళ అది మర్ఫాది కాదు, అందరిదీ. బోనాల ముందు అదే, గణేశ్ నిమజ్జనంలో అదే, ఎన్నికల్లో గెలిచినవాడి ఇంటి ముందు అదే. 2011లో ఒక పెద్ద హీరో సినిమాకు ఆ పేరే పెట్టారు. ఒక వార్తా చానెల్ తన కార్యక్రమానికి ఆ పేరే పెట్టుకుంది. దరువు ఊరంతా తిరిగితే మాకు సంతోషమే. దరువును అందలమెక్కించి, కొట్టే చేతిని బజార్లో వదిలేయడమే మేం ఒప్పుకోం. డీజే డబ్బాలొచ్చాక అదే తీన్‌మార్‌ను మిషన్లో పెట్టి మోగించారు, మనిషికి ఇచ్చే కూలి మిగుల్చుకున్నారు. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నారు. చప్పుడు గురించి, ముసలాళ్ల గుండెల గురించి చర్చలు జరిగాయి. మంచిదే. ఆ డబ్బాల కింద నలిగిపోయిన చేతుల గురించి కూడా ఎవరైనా ఒక ముక్క అనాల్సింది.

ఈ పని చేసేవాడి బతుకు ఎట్లా నడుస్తుంది? పగలు గోడలకు సున్నమేస్తాడు, ఆటో తోలుతాడు, పంక్చర్లు వేస్తాడు. రాత్రి మర్ఫా తీస్తాడు. అందరికీ ఒక క్యాలెండరు ఉంటే అతనికి రెండు. ముహర్రంలో ముస్లింల పెళ్లిళ్లుండవు. సఫర్‌లో తేరా తేజీ అని చాలామంది వెనకాడతారు. రంజాన్ నెలంతా ఖాళీ. అటు చూస్తే ఆషాఢంలో హిందువుల పెళ్లిళ్లుండవు, బోనాలుంటాయి. మూఢమొస్తే అదీ ఇదీ ఉండదు. హిజ్రీ సంవత్సరం ఏడాదికి పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కాబట్టి ఈ రెండు లెక్కలు ఏ ఏడాదికా ఏడాది కొత్తగా కలుస్తాయి. 2025లో రంజాన్ నెల సరిగ్గా ఫాల్గుణంలో పడింది. ముహూర్తాల నెల. పొద్దంతా రోజా ఉండి, ఇఫ్తార్‌లో ఒక ఖజూరం, గుక్కెడు నీళ్లు తాగి, హిందువుల బారాత్‌కు మర్ఫా భుజానేసుకు పోయేవాడికి మీరు మత సామరస్యం గురించి పాఠం చెప్తారా? అతను రెండు పంచాంగాలు కంఠతా పట్టిన మనిషి. వాటిలో ఏ ఒక్కదాన్ని పోగొట్టుకున్నా అతని ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇక ఈమాన్ సంగతి. ఇషా అజాన్ వినిపిస్తే అతని చెయ్యి ఆగుతుంది. ఎవరూ సైగ చెయ్యక్కర్లేదు. మసీదు ముందు నుంచి పోయేటప్పుడు దరువు ఆపి నడుస్తాడు. ఊరేగింపులో ఎవడో గొణుగుతాడు, తాగినవాడు ఒకడు తిడతాడు. అతను వినబడనట్టు నడిచి, నాలుగడుగులు దాటాక మళ్లీ అందుకుంటాడు. మసీదు ముందు వాయిద్యాల పేరు మీద ఈ దేశంలో నూరేళ్లకు పైగా తలలు పగిలాయి. కమిటీలు కూర్చున్నాయి, కర్ఫ్యూలు పెట్టారు, కోర్టులకెక్కారు. ఆ తగాదాను చప్పుడు లేకుండా తీర్చే తెలివి వాయిద్యం చేతిలో ఉన్నవాడికే ఉంది. శాంతి కమిటీలో మాత్రం అతనికి కుర్చీ ఉండదు.

అయినా అతని సంపాదన హరామ్ అని చెప్పేవాళ్లు మాలోనే ఉన్నారు. మర్ఫా మోగిన పెళ్లిలో నిఖా చదవమనే ఖాజీలున్నారు. మేం వాళ్లతో వాదనకు దిగడానికి ఆలిం సర్టిఫికెట్ అక్కర్లేదు, మసీదులో చిన్నప్పటి నుంచీ విన్న హదీసులు చాలు. ఈద్ రోజున ఆయెషా ఇంట్లో ఇద్దరు పిల్లలు దఫ్ కొడుతూ పాడుతుంటే అబూబకర్ కసిరారు. వాళ్లను వదిలేయమని ప్రవక్త అన్నారు. అదే మదీనాలో హబ్షీలు మసీదులోనే బరిసెలతో ఆటలాడారు. ప్రవక్త ఆయెషాకు ఆ ఆట చూపించారు. ఇవి బుఖారీలో ఉన్నాయి, గుట్టుగా లేవు. వాయిద్యాల మీద ఉలమాల్లో భేదాలున్న మాట నిజం. దఫ్ ఒక్కటే చాలన్నవాళ్లున్నారు. ఇమాం గజాలీ, ఇబ్నె హజం లాంటి పెద్దలు సంగీతానికి చోటిచ్చారు. వెయ్యేళ్లుగా తెగని వాదాన్ని ఫంక్షన్ హాలు గేటు దగ్గర అయిదు నిమిషాల్లో ఎట్లా తెంపుతారు? తెంపి, ఆ శిక్ష కూలివాడి ఒక్కడికే ఎట్లా వేస్తారు?

ఒకటి అడుగుతాం. ఆ నిఖాలో జోడే కీ రఖమ్ తీసుకున్నారా లేదా? మంచం, బీరువా, బండి తీసుకున్నారా లేదా? పెళ్లికూతురి తండ్రి ఇల్లు తాకట్టు పెట్టాడా లేదా? సియాహా బుక్కులో మెహర్ రాయించుకునే పెన్ను అక్కడెందుకు ఆగదు? ఆడపిల్ల తండ్రి వీపు విరిగిన చప్పుడు వినబడని చెవులకు మర్ఫా చప్పుడొకటే వినబడుతుందా? డబ్బున్నవాడి హరామ్‌కు ఖజూర్లు పంచుతారు. పేదవాడి హలాల్‌కు ఫత్వా వెతుకుతారు.

బారాత్ ఎట్లా ముగుస్తుందో చూడండి, మా మాట అర్థమవుతుంది. హాలు గేటు దగ్గర దరువు చివరిసారి హోరెత్తుతుంది. నౌషా కారు దిగుతాడు. కుర్రాళ్లు నోట్లు తిప్పుతారు. ఎవరో పెద్దమనిషి చెయ్యెత్తుతాడు. బస్, బస్, ఖాజీ సాబ్ ఆగయే. దరువు ఆగుతుంది. అందరూ లోపలికి పోతారు. మర్ఫా పార్టీ బయట మిగులుతుంది. మధ్యాహ్నం ఇచ్చిన బయానా పోగా రావాల్సిన డబ్బుంది. ఇవ్వాల్సిన మామూ లోపల ఫోటోల్లో ఉన్నాడు. నిఖా అవుతుంది, దువా అవుతుంది, దస్తర్‌ఖాన్ పరుస్తారు. గేటు బయటికి ఒక్క ఖజూరం రాదు. భుజం మీద పట్టీ ఒరిసిన చోట చెమట ఆరుతుంది. అప్పుడు మామూ వస్తాడు. ఆలస్యంగా వచ్చారంటాడు, సరిగ్గా వాయించలేదంటాడు, అయిదొందలు తగ్గిస్తాడు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీసు ఆ హాల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. జుమా ప్రసంగాల్లో వినివినీ ఉంటారు. ఆరిన చెమట గేటు బయట కూర్చుని ఉంది. అది ఏ మస్లక్ లెక్కలోకీ రాదా?

ఇస్లాంలో కులం లేదంటారు. మేం కూడా ఆ మాటను నమ్మినవాళ్లమే, నమ్మాం కాబట్టే అడుగుతున్నాం. 2007లో వెనకబడిన ముస్లింలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చిన చట్టం చదవండి. ఆ జాబితాలో సిద్దీ, హబ్షీ ఉన్నారు. ఫకీర్ బుడ్బుడ్కీ ఉన్నారు. బుడ్బుడ్కీ అన్నది వాయిద్యం పేరే. దూదేకుల, నూర్‌బాషాలు అంతకుముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. ఎందుకున్నారు? సయ్యదు, పఠాను పక్కన వాళ్లకు పీట వెయ్యలేదు కాబట్టి ఉన్నారు. రంజాన్‌లో అర్ధరాత్రి దఫ్ కొట్టి సహ్రీకి లేపిన ఫకీరును ఈద్ నాడు వాకిట్లో నిలబెట్టి చిల్లరేసేది కులం కాకపోతే ఏమిటి? తొలి అజాన్ ఇచ్చిన గొంతు బిలాల్‌ది. హబ్షీ బానిసది. ఆయన పేరు చెప్పుకుని సమానత్వం మీద ఉపన్యాసమిచ్చేవాళ్లు ఏసీ గార్డ్స్ హబ్షీకి పిల్లనిస్తారా? ఆ మాట ముందు తేల్చండి, వాయిద్యం మాట తరవాత చూద్దాం.

ఇక మా లౌకిక మిత్రులతో రెండు మాటలు. ఏటా పండగ వస్తే మీ పత్రికల్లో ఒక ఫోటో వస్తుంది. టోపీ పెట్టుకున్నవాడు అమ్మవారి ముందు వాయిస్తుంటాడు. కింద గంగా జమునా తెహజీబ్ అని రాస్తారు. ఆ ఫోటోలోని మనిషి రాత్రికి ఎంత తీసుకుపోయాడో ఎప్పుడైనా రాశారా? ఊళ్లలో పీర్ల ముందు మాదిగలు డప్పు కొడతారు. గుళ్ల ముందు దూదేకులవాళ్లు సన్నాయి ఊదుతారు. దీన్ని మీరు సామరస్యం అంటారు. ఇందులో ప్రేమ ఉంది, మేం కాదనం. ప్రేమతోపాటు వెట్టి కూడా ఉంది. అటు ఊరి చివర ఉన్నవాడు, ఇటు బస్తీ చివర ఉన్నవాడు కలిసి మోస్తున్న బరువది. షేక్ చినమౌలానా నాదస్వరానికి 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి వచ్చాయి. మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మాకు గర్వమే. కానీ మేళంలో డోలు కొట్టేవాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం. బజార్లో వాయించేవాడి పేరు సరే సరి.

కాషాయం కట్టినవాళ్లతో మాకు దాపరికం లేదు. 2022లో కర్ణాటకలో గుళ్ల జాతర్ల నుంచి ముస్లిం వ్యాపారుల్ని తరిమారు. ఇవాళ గాజులమ్మేవాణ్ణి, రేపు వాయించేవాణ్ణి. ఆ వెళ్లగొట్టేవాడూ, హిందువుల ఊరేగింపులో వాయించడం షిర్క్ అని మాలో బెదిరించేవాడూ ఒకర్నొకరు తిట్టుకుంటారు. కానీ ఇద్దరూ కొట్టేది ఒకే మనిషి కడుపు మీద.

మేం కోరేవి పెద్ద కోరికలేం కావు. ముస్లిం పెళ్లిలో దరువు ఆగిన వెంటనే, ఖాజీ సాబ్ ఖుత్బా మొదలెట్టకముందే మర్ఫావాడి కూలి చేతికివ్వండి. మర్ఫా మోగితే నిఖా చదవమన్న ఖాజీలు జోడే కీ రఖమ్ తీసుకున్నచోట కూడా చదవమని అదే గొంతుతో చెప్పాలి. ప్రభుత్వాలు కళాకారుల గుర్తింపు కార్డులూ, పింఛన్లూ అన్నప్పుడు మర్ఫా, తాషా, దఫ్ వాయించేవాళ్ల పేర్లు రాసుకోవాలి. తీన్‌మార్‌ను అమ్ముకున్న సినిమావాళ్లు ఆ వాయిద్యకారుల్ని స్టూడియోకు పిలిచి పేరేసి డబ్బులివ్వాలి. ఇక విందు సంగతి. దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు గేటు తెరిచి వాళ్లను లోపలికి పిలిచి, ఒకే తలియలో తినండి. అది సున్నత్.

మర్ఫా హరామా హలాలా అన్నది అల్లా దగ్గర తేలుతుంది. దానికి మేం తొందరపడటం లేదు. కూలి ఎగ్గొట్టడం హరామని తేల్చడానికి మాత్రం ఏ ముఫ్తీ సాబ్‌నూ అడగక్కర్లేదు.